అందరూ వచ్చిన బడి

బాపట్లలో మీటింగు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీలు మూసి, గోడ మీద బడుల పేర్లు వేసి చూపిస్తున్నారు. ఆకుపచ్చ రంగులో ఉన్నవి పిల్లలు బాగా చదివే బడులు. పసుపు రంగువి ఫరవాలేదు. ఎర్ర రంగువి మా బడిలాంటివి. ముందు వరసలో ఆకుపచ్చవాళ్ళు ఫోన్లెత్తి ఫోటోలు తీసుకుంటున్నారు. వెనక వరసలో మేం ఫ్యాను గాలి ఎటు తగిలితే అటు జరుగుతున్నాం. ఇలాంటి మీటింగులు ఎన్ని చూశానో. మొదట్లో సిగ్గేసేది. ఇప్పుడు నడుం నొప్పి తప్ప ఇంకేమీ తెలియడం లేదు.

అప్పుడే ఫోను చూసుకున్నాను. తెనాలి టీచర్ల గ్రూపులో మా పాత హెడ్మిస్ట్రెస్ గారి ఫోటో ఉంది. చుట్టూ పూలు, కింద "ప్రభువునందు నిద్రించారు" అని. రేపల్లెలో నిన్న సాయంత్రమే భూస్థాపన కూడా అయిపోయిందట. ఆ కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనూ ఒకటి పెట్టి ఫోను మూసేశాను.

ఆ ఫోటోలో ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని బిగుసుకుపోయి ఉన్నారు. ఏ ఆఫీసు కాగితం కోసమో తీయించింది అయ్యుంటుంది. నాకు గుర్తున్నది కళ్ళజోడు తీసేసిన మనిషి. పిల్లల చేత చదివించేటప్పుడు దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు సగం మూసి, తల ఒక పక్కకి వాల్చి వినేవారు. కొత్తలో నిద్రపోతున్నారనుకున్నాను.

"ఇది పెట్టుకుంటే నాకు సరిగా వినపడదే అమ్మాయ్," అన్నారు అడిగితే. "మొహాలు కనబడతాయి కదా. వీడి ముక్కు కారతందనీ, దాని గౌను చినిగిందనీ చూస్తా కూర్చుంటా. ఇంకేం వింటాను?"

నేను ఉద్యోగంలో చేరింది ఆవిడ దగ్గరే. తెనాలిలో రైలు పట్టాల అవతల ఒక మునిసిపల్ ఎలిమెంటరీ స్కూలు. ఆవిడ హెడ్మిస్ట్రెస్, నేను రెండో టీచర్ని. మూడో టీచరు లేరు. పిల్లలు ఆవిణ్ణి పెద్ద టీచరనీ, నన్ను చిన్న టీచరనీ పిలిచేవాళ్ళు. ఆ పేటలో ఉండేవాళ్ళు నిమ్మకాయల మార్కెట్లో బస్తాలు మోసేవాళ్ళు, హోటళ్ళలో గిన్నెలు కడిగేవాళ్ళు, తాపీ పనికి వెళ్ళేవాళ్ళు. చేతిలో కాస్త డబ్బు ఆడగానే పిల్లల్ని వ్యాను వచ్చే కాన్వెంటుకి మార్చేసేవాళ్ళు. మిరపకోతల కాలం వస్తే సగం ఇళ్ళకి తాళాలు పడేవి. ఆ పిల్లలు తిరిగొచ్చేసరికి వచ్చిన అక్షరాలు కూడా మరిచిపోయి, మంటపుట్టే వేళ్ళు నోటితో ఊదుకుంటూ కూర్చునేవాళ్ళు.

ఆవిడ రోజూ రేపల్లె నుంచి పాసింజరులో వచ్చేవారు. పొట్టి మనిషి, భారీ శరీరం, మోకాళ్ళ నొప్పులు, షుగరు. స్టేషన్ నుంచి నడిచొచ్చి గేటు ఊచ పట్టుకుని ఆగేవారు. "ప్రాణం విసిగిపోయిందే అమ్మాయ్," అనేవారు. మా బడికి అదే మొదటి గంట. ఇంటర్వెల్లో ఒకసారి, అన్నాలయ్యాక ఒకసారి, ఆఫీసువాళ్ళు అడిగిన మరుగుదొడ్ల ఫోటోలు ఫోనులో ఎక్కనప్పుడు ఇంకోసారి అదే మాట.

నలుగురూ మెచ్చుకునే రకం టీచరు కారావిడ. పాటలు పాడించరు, గోడల మీద బొమ్మలు అంటించరు. అన్నాలయ్యాక సుద్దముక్క చేతిలో ఉండగానే కునుకు తీసేవారు. పిల్లల తల్లుల్ని గుమ్మంలో నిలబెట్టి తిట్టేవారు. ఆఫీసరు వచ్చినా కుర్చీలోంచి లేవడానికి ఆవిడకి చాలాసేపు పట్టేది. అది మోకాళ్ళ వల్లో, లేక ఇష్టం లేకో నేను ఎప్పుడూ తేల్చుకోలేకపోయాను.

ఆవిడకి ఉన్న విద్య ఒక్కటే. చదివే పిల్లవాడు ఒక మాట దగ్గర ఆగిపోతే, నేనైతే వెంటనే అందించేస్తాను. ఆవిడ అందించరు. "ఊఁ, కానీ," అంటారు. వాడు దిక్కులు చూస్తాడు. నిక్కరు పైకి లాక్కుంటాడు. పక్కవాడు చెప్పబోతే ఆవిడ కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తి ఆపుతారు. బయట గూడ్సుబండి మొత్తం వెళ్ళిపోతుంది. ఆఖరికి ఆ మాట వాడి నోట్లోంచే వస్తుంది. శభాష్ అని కూడా అనరు. మళ్ళీ "ఊఁ, కానీ."

అప్పుడప్పుడు ఆఫీసు నుంచి ట్యాబులు పట్టుకుని మనుషులు వచ్చి పిల్లల చేత చదివించి, తీసివేతలు చేయించి వెళ్ళేవాళ్ళు. ఆ తరవాత ఊళ్ళో ఉన్న మునిసిపల్ బడులన్నిటినీ పోల్చి ర్యాంకులు వేసేవాళ్ళు. మాది ఎప్పుడూ చివరే. మొదటి ఏడాది అంతా నేను తప్పు నాదేననుకున్నాను. ఇంకా పొద్దున్నే రావాలనీ, ఇంకా గట్టిగా చెప్పాలనీ అనుకున్నాను. సంగతేంటో రెండో ఏడాది, జ్యోతి వచ్చిన రోజున అర్థమైంది.

పరీక్షలవాళ్ళు వస్తారని కబురొచ్చిన వారంలో ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. నాలుగో తరగతి పిల్ల. తన తల్లి కొంగు చివర నోట్లో పెట్టుకుని నిలబడింది ఆ పిల్ల.

"ఇప్పటిదాకా ఎక్కడ చదివింది?" అన్నారు పెద్ద టీచరు.

తల్లి మెయిన్ రోడ్డు బడి పేరు చెప్పింది. ఊళ్ళో ప్రతిసారీ ఫస్టు వచ్చే బడి అది.

"అంత మంచి బడి మానిపించి ఇక్కడికెందుకు తీసుకొచ్చావే తల్లీ?"

"నేను మానిపించలేదండి. ఆ సారే, పట్టాల అవతల బడైతే మీకు దగ్గరమ్మా అని టీసీ ఇచ్చారండి."

"దగ్గరేనా?"

"లేదండి. మాకు ఆ బడే దగ్గరండి. ఇక్కడికి రావాలంటే రైలు గేటు దాటాలి."

పెద్ద టీచరు నావైపు చూశారు. నేను చూడనట్టు తల తిప్పుకున్నాను.

"ఈ పిల్లకి చదువు రాదన్నారా?"

"మెల్లగా వస్తదన్నారండి."

"నీ పేరేంటే?" అన్నారు పిల్లని. పిల్ల పలకలేదు. తల్లి చెప్పబోయింది. ఆవిడ చెయ్యెత్తి ఆపి, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నేను వెళ్ళి ఒకటో తరగతికి ఎక్కాలు చెప్పించి వచ్చేసరికి కూడా ముగ్గురూ అలాగే ఉన్నారు. ఆఖరికి ఆ పిల్ల కొంగు నోట్లోంచి తీసి, "జ్యోతి," అంది.

"రేపట్నించి పంపించు. ఆ జుట్టు దువ్వి పంపించు. మిరపకోతలకి తీసుకుపోయావంటే మాత్రం ఊరుకునేది లేదు. అందరికీ నేనే దొరికానా, నా ప్రాణం తీయడానికి?" అని విసుక్కుంటూనే పేరు రాసుకున్నారు.

ఆ వారంలోనే ఇంకో ఇద్దరు వచ్చారు, వేరే బడుల నుంచి. అప్పటికి నాకు లెక్క తెలిసింది. పరీక్షలకి ముందు పెద్ద బడులవాళ్ళు చదవలేని పిల్లల్ని ఏదో సాకు చెప్పి వదిలించుకుంటారు. వాళ్ళంతా తిరిగి తిరిగి మా గేటు దగ్గరికే చేరతారు. ఎందుకంటే ఊళ్ళో ఎవర్నీ కాదనని బడి మాదొక్కటే.

ఆ సాయంత్రం స్టేషన్ దాకా ఆవిడతో నడిచాను. నాకు ఒళ్ళు మండిపోతోంది.

"మేడమ్, పరీక్షలయ్యాక చేర్చుకోవచ్చు కదా? ఈసారి కూడా చివరొస్తే బడి ఎత్తేస్తామన్నారు."

"అన్నారు."

"మరి?"

"అందాకా ఆ పిల్ల ఎక్కడుంటదే?"

అయినా ఊరుకోలేకపోయాను. "వాళ్ళు చేసిన దానికి మనం మాటలు పడాలా?"

"పడకపోతే ఎవరు పడతారు? నువ్వు కాస్త మెల్లగా నడువమ్మా, నా మోకాళ్ళు నీతో రాలా," అన్నారు.

పరీక్షలకి ముందురోజు మళ్ళీ అడిగాను. అన్ని బడులవాళ్ళూ చేసేదే అది. బొత్తిగా చదవలేని పిల్లల్ని, రేపు రావద్దమ్మా, ఇంట్లో ఉండండి అని చెప్పడం. రాని పిల్లల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. "మనం కూడా నలుగురైదుగురికి చెబుదాం మేడమ్," అన్నాను. ఆవిడ అవుననలేదు, కాదనలేదు. ఆ పూట మొహం బాగా వాడిపోయి ఉంది. సంచీ సర్దుకుని, "రైలు టైమయింది," అని వెళ్ళిపోయారు. ఒప్పుకున్నట్టేననుకుని నేనే ఇద్దరు ముగ్గురు పిల్లల చెవిలో ఆ మాట వేశాను.

తెల్లారి బడికి వెళ్ళేసరికి వరండా నిండా పిల్లలు. ఒక్కరు కూడా మానలేదు. నేను రావద్దన్నవాళ్ళు ముందు వరసలోనే, నూనె రాసుకుని తల దువ్వుకుని కూర్చున్నారు.

"నిన్న సాయంత్రం పెద్ద టీచరు మా ఇంటికొచ్చిందండి," అన్నాడు ఒకడు. "రాకపోతే కాళ్ళిరగ్గొడతానంది."

పట్టాల పక్కన ఇళ్ళన్నీ తిరిగి, పాసింజరు పోగొట్టుకుని, ఆవిడ బస్సులో వెళ్ళారట. ఆ మాట కూడా పిల్లలు చెబితే తెలిసిందే. ఆవిడ గేటు ఊచ పట్టుకుని ఎప్పటి మాటే అన్నారు. నా మొహం చూసి, హాజరుపట్టీ తీసుకుని లోపలికి నడిచారు.

పరీక్షకి వచ్చినతను కుర్రవాడు. మర్యాదస్తుడే. పిల్లల్ని ఒక్కొక్కర్నీ పిలిచి ట్యాబులో మాటలు చూపించి చదవమంటున్నాడు. జ్యోతి వంతు వచ్చింది. తెరమీద ఒక చిన్న వాక్యం. మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. అతను కాసేపు చూసి, "నెక్స్ట్," అన్నాడు.

"ఉండు బాబూ. వస్తది," అన్నారు పెద్ద టీచరు. కళ్ళజోడు అప్పటికే ఒళ్ళో ఉంది.

"టైం అయిపోతుంది మేడమ్. దానంతటదే వెళ్ళిపోద్ది."

"ఉండు నాయనా."

అతను ఆగాడు గానీ ట్యాబు ఆగలేదు. వాక్యం పోయి వేరే పిల్లవాడి పేరు వచ్చింది. అతను ఆ పిల్లవాణ్ణి పిలుస్తుండగా జ్యోతి, "కాలవలో," అంది.

"ఊఁ, కానీ."

"కాలవలో... నీళ్ళు..."

"కానీ."

వెనక్కి వెళ్ళదా అని నేను ట్యాబు వైపు చూశాను. "రాదండి," అన్నాడు అతను నెమ్మదిగా. "ఒకసారి వెళితే ఇక రాదు." అలా అన్నాడే గాని ఆ రెండో పిల్లవాణ్ణి కాసేపు పక్కన నిలబెట్టి, తనూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తెర మీద లేని వాక్యాన్ని జ్యోతి గుర్తుపెట్టుకుని చివరిదాకా చదివింది. ఆ పిల్లకి పడ్డది సున్నానే.

మళ్ళీ చివర. మునిసిపల్ ఆఫీసు హాల్లో మీటింగు పెట్టారు. ఫస్టు వచ్చిన మెయిన్ రోడ్డు బడి హెడ్మాస్టారికి శాలువా కప్పారు. తరవాత ఆఖరు బడులవాళ్ళని నిలబడమన్నారు. ఆవిడ ముందు కుర్చీ పట్టుకుని లేచి నిలబడేదాకా అందరూ ఎదురుచూడాల్సి వచ్చింది.

"ఏంటమ్మా, ప్రతిసారీ ఇంతేనా? అందరికీ ఇచ్చే జీతమే మీకూ ఇస్తన్నాం కదా," అన్నారు ఆఫీసరు. "కారణం చెప్పండి."

నేను ఆవిడ వెనక కుర్చీలో ఉన్నాను. వలసలనీ, కాన్వెంటులనీ, టీచర్లు చాలరనీ అందరూ చెప్పే కారణాలు చెబుతారనుకున్నాను.

"అందరూ వచ్చారండి," అన్నారు ఆవిడ.

"అంటే?"

"అంతేనండి. పరీక్ష రోజున మా బడికి పిల్లలందరూ వచ్చారండి."

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. హాలంతా టీచర్లే. ఆ మాటకి అర్థం తెలియనివాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు. ఆఫీసరుకి కూడా తెలిసే ఉంటుంది. ఆయన సీసా మూత తీసి మంచినీళ్ళు తాగి, "సరే, కూర్చోండి. నెక్స్ట్ టైం చూసుకోండి," అన్నారు. మీటింగు ముందుకి సాగిపోయింది.

మెట్ల దగ్గర శాలువా హెడ్మాస్టారు ఎదురొచ్చారు. "మేడమ్ గారూ, నలుగురిలో అలా అంటే ఎలాగండి?" అన్నారు.

"మిమ్మల్నేమన్నాను మాస్టారూ? నా బడి సంగతి చెప్పుకున్నాను," అని ఆవిడ మెట్లు దిగారు. టీ కొట్టు బల్ల మీద కూర్చుని మోకాళ్ళు ఒత్తుకున్నారు. ఏదో గెలిచినట్టు నేను మాట్లాడబోతే విసుక్కున్నారు. "ఏముందే అందులో? ఆ పిల్లకి సున్నా వేశారు. నేను ఇంకో నాలుగు రోజులు ముందు పట్టుకునుంటే టైములోనే చదివేది."

ఆ మాట వల్ల ఏమీ మారలేదు. మరుసటి వేసవిలో మా బడిని మెయిన్ రోడ్డు బడిలో కలిపేశారు. బళ్ళు తెరిచిన రోజున ఇద్దరం పిల్లల్ని వరసగా నిలబెట్టి రైలు గేటు దాటించాం. గేటు పడి ఉంటే చాలాసేపు ఎండలో నిలబడ్డాం. కొందరు పిల్లలు ఆ రోజే రాలేదు. ఇంకొందరు తరవాత మానేశారు. జ్యోతి తల్లి మాత్రం నవ్వింది. "మళ్ళీ మా ఇంటి దగ్గరికే వచ్చిందండి," అంది.

ఆవిణ్ణి అక్కడ మామూలు టీచరుగా వేశారు. నాకు బదిలీల్లో బాపట్ల వచ్చింది. వెళ్ళేముందు చెప్పి వెళదామని ఆ బడికి పోతే, ఆవిడకి తరగతి గది కూడా లేదు. అన్ని సెక్షన్లలోనూ చదవలేని పిల్లల్ని ఏరి వరండాలో ఆవిడ ముందు కూర్చోబెట్టారు. ఇప్పుడిక వాళ్ళని పంపించడానికి, ఎవర్నీ కాదనని బడి ఊళ్ళో లేదు. ఆ ఏడు ఆ బడి ఫస్టు రాలేదని తరవాత విన్నాను. నాకు సంతోషం వేయలేదు. ఆ హెడ్మాస్టారిని కూడా ఎక్కడో ఒక హాల్లో నిలబెట్టి ఉంటారు. జ్యోతి ఐదు దాటి హైస్కూలుకి వెళ్ళింది. బాగా చదువుతోందని చెప్పలేను. చదవడం మాత్రం వచ్చు. ఆవిడ ఆ వరండాలోనే రిటైరయ్యారు.

ఆదివారం రేపల్లె వెళ్ళాను. ఇన్నేళ్ళలో వాళ్ళింటికి వెళ్ళడం అదే మొదలు. రెండు గదుల ఇల్లు. కూతురు ఆ ఉదయమే వడ్లమూడి వెళ్ళిపోయిందట, ఉద్యోగానికి సెలవు లేక. ఆవిడ భర్త ఒక్కరే ఉన్నారు. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు, తెల్లచొక్కా ఇంకా విప్పలేదు.

"తెనాల్లో చిన్న టీచరంటే నువ్వేనామ్మా?" అన్నారు. "కూర్చో. నీ గురించి చెప్పేది. తొందరెక్కువ గానీ మంచిపిల్లనేది."

జబ్బు గురించి చెప్పారు, ఆసుపత్రి గురించి చెప్పారు. లేచి నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు.

"మీ బడి ప్రతిసారీ ఊళ్ళో ఫస్టొచ్చేది కదమ్మా?" అన్నారు ఉన్నట్టుండి.

ఆయన మొహంలోకి చూశాను. ఎగతాళి లేదు, అనుమానం కూడా లేదు. అవునందామని నోరు తెరిచేలోపే ఆయన చెయ్యి ఊపారు.

"నువ్వు కూడా అబద్ధం చెప్పమాకలే. నాకు తెలుసు."

"ఎలా తెలుసు బాబాయిగారూ?"

"తెనాల్లో మా కరెంటోళ్ళు లేరా? వాళ్ళ పెళ్ళాల్లో టీచర్లు లేరా? మొదటిసారే చెప్పారు, మీ ఇంటావిడ బడి ఆఖరంట కదా అని. ఆ రోజు ఈవిడ ఇంటికొచ్చి, ఫస్టొచ్చామయ్యా అంది. అప్పటికే కాళ్ళు వాచిపోతన్నాయి. ఇక మానెయ్యవే అని నేను రోజూ పోరేవాణ్ణి. ఆఖరొచ్చామంటే అసలు వెళ్ళనివ్వనని భయం."

"మీరు అడగలేదా?"

"ఏమని అడగనమ్మా? వెళ్ళాలని ఉంది దానికి. వెళ్ళనిచ్చా." అన్నారు ఆయన. "ఫస్టొచ్చిందని చెప్పినప్పుడు ఊరుకుంటే బాగోదు కదా. బజారుకెళ్ళి కొరమేను తెచ్చేవాణ్ణి. తనే పులుసు పెట్టేది. ఇద్దరం ఇక్కడే కింద కూర్చుని తినేవాళ్ళం. తింటా తింటా కళ్ళు తుడుచుకునేది. కారం ఎక్కువైందయ్యా అనేది. అవునే, ఎక్కువే అయింది అనేవాణ్ణి."